ఒక్కరోజు హెడ్మాస్టరమ్మ

నా కూతురి టీసీ అర్జీ మీద సంతకం పెట్టింది నా కూతురే. పెట్టించింది ఆ బడి. నేను కాదు. ఊళ్ళో నన్ను తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు. పోయి ఆ కాగితం చూసుకోమని వాళ్ళకు చెబుతున్నాను. అంతకుమించి నాకు ఎవరి తీర్పూ అక్కర్లేదు.

పోయిన వారం ఈ సంగతి చెబుతూ బడి గేటు దగ్గర ఆపాను. నా చొక్కా జేబులో అర్జీ ఉంది. అక్కడినుంచే చెబుతాను.

నా భార్య అక్కమ్మ పోయి రెండేళ్ళయింది. నేను తిరుచానూరులో ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేయించే పని చూస్తాను. వారానికి ఒకసారి ఊరికి వస్తాను. ఆడదిక్కు లేని ఇంట్లో పదమూడేళ్ళ పిల్లను ఎవరు చూస్తారని అక్కమ్మ దినాలనాడు చుట్టాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా అక్క వరదమ్మ ఒక్కతే "నేను సూస్తా" అంది. చిత్తూరులో ఇంటినీ కొడుకునూ వదిలిపెట్టి వచ్చింది. ఆ రోజే పదిమంది ముందు నేను మాట ఇచ్చాను. నా కూతురు లోహితను ఆమె కొడుకు లోకేష్‌కే ఇస్తానని.

ఇప్పుడు అక్కకు మోకాళ్ళు పట్టేశాయి. చిత్తూరు వెళ్ళిపోతానంటుంది. వెళితే లోహితను తీసుకునే వెళుతుంది. పెళ్ళి పద్దెనిమిది నిండాకనే. చదువు సంగతి అడిగితే "ఆడ మాత్రం బళ్ళు లేవా" అంది. ఏ బడి అని నేను అడగలేదు. లాడ్జి గుమస్తా ఏకాంబరం చేత అర్జీ రాయించుకున్నాను. 'నివాసం మారుతున్నందున' అని అక్క చెప్పిన మాటనే రాయించాను. లోహితకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఇదీ అప్పటిదాకా జరిగింది.

నవంబరు తుంపర. గేటు దాటి లోపలికి వెళితే బడి బడిలా లేదు. ఏడో తరగతి గదిలో సార్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు, మోకాళ్ళు బల్లలకు తగిలించుకుని. వాళ్ళ ముందు చీర కట్టుకున్న ఒక పిల్ల బెత్తం పట్టుకుని ఎక్కాలు చెప్పిస్తోంది. నాకేమీ అర్థం కాలేదు.

ఆఫీసు గది ముందు, గంట వేలాడేసిన చోట, ముక్కాలిపీట మీద భానుచందర్ కూర్చుని ఉన్నాడు. లోహితతోపాటు ఒకటో తరగతినుంచి చదువుతున్నవాడు. మా ఇంట్లో తిన్న అన్నానికి లెక్కలేదు. ఖాకీ చొక్కా వేసుకున్నాడు. అది వాళ్ళ చిన్నాయనది. జేబు మీద పుత్తూరు ఆటో స్టాండు పేరు దారంతో కుట్టి ఉంది.

"ఎవురు కావాల పెద్దాయనా?"

"ఒరే భానూ, నేనురా."

"ఈ పొద్దు భాను లేడు. అటెండరు ఉండాడు. చీటీ రాయండి. పేరు, ఊరు, వచ్చిన పని."

"హెడ్మాస్టరు సుందరరాజు సారును సూడాల."

"సుందరరాజా? ఆయబ్బి ఈ పొద్దు ఏడో తరగతి. మూడో బెంచీ. ఇంటిపని చేసుకోని రాలేదని ఇంతకుముందే నిలబెట్టినారు."

తర్వాత వాడే నవ్వి అసలు సంగతి చెప్పాడు. ఆ రోజు బాలల దినోత్సవం. ప్రతి ఏడూ ఆ రోజు పదో తరగతి పిల్లలే సార్లు అవుతారట. సార్లు పిల్లలవుతారట. స్వపరిపాలన దినం అంటారట. ఎవరు ఏమిటన్నది చీటీలు వేసి తీస్తారట. నేను అదే ఊళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. మా కాలంలో ఇలాంటివి లేవు. సారు సారే, మేం మేమే.

"హెచ్చెమ్ ఎవురో తెలుసునా మామా?" అన్నాడు అటెండరుతనం మరిచిపోయి. "ఆడ కూచో. పిలస్తా."

చెప్పలేదు. నవ్వాడు. నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నా వీపు వెనకే ఆఫీసు కిటికీ. గంట కొట్టి భానుచందర్ లోపలికి వెళ్ళాడు. బెత్తం పట్టుకున్న పిల్ల కూడా వచ్చి నన్ను గమనించకుండానే లోపలికి వెళ్ళింది. అది కోమలి. పూలమ్మే వసంతమ్మ కూతురు. వాళ్ళమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది. దారి సరిగ్గా కనబడక గడప తన్నుకుంది.

"తెలుగు సారు నా మీద సుద్దముక్క ఇసిరినాడు మే," అంది కోమలి.

"నువ్వేం చేసినావు?"

ఆ గొంతు లోహితది. నేను బెంచీ మీద సర్దుకున్నాను.

"గోడకుర్చీ ఏయించినా. రెండు నిమిషాలకే నడుమంటా ఉండాడు పాపం."

ముగ్గురూ నవ్వారు.

"ఇరవై యేండ్లకు సూడండి," అంది కోమలి. "ఇదే గది. లోహిత ఆ కుర్చీలో. నేను లెక్కల మేడమ్. నిజం అద్దాలు పెట్టుకోని."

"నేను?" అన్నాడు భానుచందర్.

"నువ్వు ఆడ్నే. గంట కింద."

"చీటీలో వచ్చింది కాబట్టి అటెండరు. నేను పోలీసు మే."

"పోలీసుకు ఎత్తు సాలదు నీకు."

"ఇంకా పెరగతా. మా నాయన పెండ్లయినాక కూడా పెరిగినాడంట."

"కుర్చీ బాగుండాది కానీ," అంది లోహిత, "దీంట్లో కూచుంటే ఏమీ చేసేదానికి లేదు. పొద్దున్నుంచి అర్జీలే. కొళాయిలో నీళ్ళు రాలేదంట. పైకి రాస్తామన్నా. గుడ్లు గోలీకాయలంత వచ్చినాయని వంటామె. పైకి రాస్తామన్నా. పొద్దున సారు ఏం సెప్పినాడో తెలుసునా? ఈ కుర్చీలో కూచున్నోళ్ళు మూడు ఆపలేరంట. వాన, తనిఖీకొచ్చే ఎమ్మీఓ, టీసీ."

"టీసీ ఎందుకు ఆపలేరు?"

"కన్నోళ్ళు వచ్చి అడిగితే ఇచ్చేయాల్సిందేనంట. కారణం అడగొచ్చు. ఆపే అధికారం లేదు."

"దీనికంటే నా గంట మేలు," అన్నాడు భానుచందర్. "నేను కొట్టకపోతే బడి ఇడవరు."

నేను లేచాను. వెళ్ళిపోదామనే లేచాను. ఇది నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. అప్పటికే భానుచందర్ బయటికి వచ్చి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"మేడమ్ పిలస్తా ఉండారు."

లోపల హెడ్మాస్టరు కుర్చీలో అక్కమ్మ చీర కనబడింది. ముందు చీరే కనబడింది. వంకాయరంగు, నారాయణవనం నేత. నేను పెట్టెలో పెట్టి తాళం వేసిన చీర. తాళంచెవి మా అక్క దగ్గర ఉంటుంది. అక్కే తీసి కట్టబెట్టింది. ఎలాగూ చీరలు అలవాటు కావాలి కదా అనుకుని ఉంటుంది. కొంగు జారకుండా మూడు పిన్నీసులు గుచ్చి ఉన్నాయి.

లోహిత నన్ను చూసి కుర్చీలోంచి లేవబోయింది. "నాయనా" అనేసింది. మళ్ళీ సర్దుకుని కూర్చుంది. నోరు బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"కూచోండి. ఏం పని మీద వచ్చినారు?"

నా కూతురు నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

"ఊరికే," అన్నాను.

"ఊరికే కాదు మేడమ్, అర్జీ తెచ్చినాడు," అంటూ భానుచందర్ నా జేబులోంచి కాగితం లాగేశాడు. సగం బయటికే కనబడుతోంది మరి. "ఇయ్యరా" అన్నాను. వాడు ఇవ్వలేదు. నేనూ ఆటలోకి వచ్చాననుకున్నాడు. ఆ ముగ్గురూ అలాగే అనుకున్నారు. కోమలి చప్పట్లు కొట్టింది. "మీ నాయన మనకోసం అర్జీ రాసుకోని వచ్చినాడు మే. ఇంకెవరి నాయన వచ్చినాడు చెప్పు."

లోహిత మొహం ఎలా ఉందో నేను చెప్పను. రెండేళ్ళలో నా మీద ఆ పిల్లకు గర్వం కలిగింది ఆ అరనిమిషమే.

కాగితం విప్పి, గొంతు సవరించుకుని, అసెంబ్లీలో చదివినట్టు చదివింది.

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కరించి వ్రాయునది. నా కుమార్తె ఎం. లోహిత తమ పాఠశాలలో పదవ తరగతి..." ఆగి నవ్వింది. "నా పేరే పెట్టినావా?"

"ఇయ్యి పాపా," అన్నాను.

"ఉండు. బాగుండాది. ...పదవ తరగతి చదువుచున్నది. మేము చిత్తూరుకు నివాసం మారుతున్నందున..."

అక్కడినుంచి నోటితో చదవలేదు. కళ్ళతో చదివింది. కింద నా సంతకం చూసింది. నేను సంతకం నేర్చుకుంది ఒక్కటే రకం, ఆటకొకటి నిజానికొకటి లేవు. తేదీ చూసింది. వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"నాయనా, ఇది ఆటకేనా?"

నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

"ఆటకే కదా?"

కోమలి కళ్ళద్దాలు తీసేసింది. భానుచందర్ తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాడు.

లోహిత ఏడుస్తుందనుకున్నాను. లేచి వస్తుందనుకున్నాను. అందుకు నేను సిద్ధంగానే ఉన్నాను. రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోతే ఏడుపు ఇంటికి చేరేలోపల అయిపోతుంది. అది లేవలేదు. కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. మళ్ళీ అడగడం మొదలుపెట్టింది. మీరు అనే అడిగింది.

"చిత్తూరులో ఎవురున్నారు మీకు?"

నేను జవాబు చెప్పాల్సిన పని లేదు. పదిహేనేళ్ళ పిల్ల. నా పిల్ల. కానీ చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. బల్లకు అటువైపు ఎవరు కూర్చున్నా జవాబు చెప్పడం నాలాంటివాళ్ళకు ఒంటికి పట్టిన అలవాటు.

"మా అక్క."

"మీరు కూడా పోతా ఉండారా?"

"లేదు. నాకు తిరుచానూరులో పని."

"అయితే నివాసం మారేది ఎవురు?"

"పిల్ల."

"పిల్లకు చెప్పినారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏడస్తాది."

"ఏడిస్తే?"

"నాకు చేతకాదు."

లోహిత తల వంచుకుని ఏదో రాసుకున్నట్టు కలం కదిలించింది. ఏమీ రాయలేదు.

"ఆడ ఏ బడిలో చేరస్తారు? పేరు కావాల."

"వాళ్ళత్త సూసుకుంటాది."

"సోమవారం పదో తరగతి పరీక్షకు పేర్ల జాబితా పోతాది. ఈడ పేరు కొట్టేసి ఆడ చేర్చకపోతే, మార్చిలో ఆ పిల్ల పరీక్ష రాసేదానికి లేదు. అది తెలుసునా మీకు?"

"తెలీదు మేడమ్."

మేడమ్ అనే మాట నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"పిల్ల ఎట్ల చదువుతాది?"

"బాగా చదువుతాదంట."

"అంట ఏంది. మీరు సూడలేదా?"

"నేను వారానికొకసారి వస్తాను."

లోహిత కలం పక్కన పెట్టింది. తర్వాత అడిగింది ఏ హెడ్మాస్టరూ అడిగే ప్రశ్న కాదు.

"మాట ఎప్పుడిచ్చినారు?"

లోకేష్‌కు ఇస్తారని ఇంట్లో అందరూ ఎగతాళిగా అనేవాళ్ళే. అదీ నవ్వేసేది. ఎగతాళి కాదని అప్పుడు అర్థమైందనుకుంటాను.

"మీయమ్మ దినాలనాడు."

"అప్పుడు పిల్లకు పదమూడు."

"ఔను."

"ఆ పిల్ల ఆడ్నే ఉన్నిందా?"

"వంటింట్లో ఉన్నింది. నీళ్ళు మోస్తా ఉన్నింది."

కోమలి ఇక ఆగలేదు. "మామా, వద్దని చెప్పేయి. అంతే కదా. ఈడేమన్నా కోర్టా?"

"నువ్వు సంతకం పెట్టొద్దు మే," అన్నాడు భానుచందర్. "ఆపేయి. హెచ్చెమ్మువి కదా."

"ఆపేదానికి లేదురా. సెప్పినా కదా ఇందాక."

"ఇది ఆట కదా."

"ఆటయితే ఆపుతా. ఆయన ఆటకు రాలేదు."

బల్ల మీద ఆకుపచ్చ సిరా కలం ఉంది. పెద్ద ఆఫీసర్లు పెట్టే రంగు. ఆ రోజంతా పిల్లల సెలవు చీటీల మీద పెట్టమని సుందరరాజు సారు ఇచ్చాడట. లోహిత మూత తీసింది. 'అనుమతించడమైనది' అని రాసింది. కింద పొడి అక్షరాలు కాకుండా పూర్తి పేరు రాసింది. పేరు కింద 'ప్రధానోపాధ్యాయురాలు' అని రాసింది. ఒత్తులు, దీర్ఘాలు ఏవీ తప్పలేదు. సిరా ఆరేదాకా ఊది, మడిచి, రెండు చేతులతో నాకు ఇచ్చింది.

నాకు ఆ క్షణం ఒకటి కనబడింది. అదే కుర్చీలో ముప్పైఅయిదేళ్ళ ఆడమనిషి. చెవుల దగ్గర ఒకటి రెండు తెల్లవెంట్రుకలు. ఎదురుగా నాలాంటి తండ్రి ఎవడో నిలబడి ఉన్నాడు. ఆమె వాడిని కారణం అడుగుతోంది. వాడు అబద్ధం చెబుతున్నాడు. అది అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా సంతకం పెడుతోంది, ఎందుకంటే ఆపే అధికారం లేదు. పెట్టాక ఆ రోజు అన్నం తినడంలేదు. నా కూతురు కాబోయే మనిషి అది. కాకుండా పోయే మనిషి కూడా అదే. చూడమని నేను ఎవరినీ అడగలేదు. చూపించినందుకు ఆ బడిని నేను క్షమించను.

మిగతా ఇద్దరికీ ఏం కనబడిందో నాకు తెలియదు. కోమలి మాత్రం వాళ్ళమ్మ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకోలేదు. భానుచందర్ నన్ను తోసుకుని బయటికి వెళ్ళి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తర్వాతి పీరియడు గంట పది నిమిషాలు ఆలస్యంగా మోగింది. ఎవరూ వాడిని అడగలేదు.

సుందరరాజు సారు ఏడో తరగతి గదిలోంచి బయటికి వచ్చాడు. చొక్కా మీద సుద్దపొడి. నవ్వుతూ వచ్చాడు. నా చేతిలో కాగితం తీసుకుని చదివాక నవ్వు పోయింది.

"ఈ పాప చేత ఎందుకు పెట్టించినావప్పా?"

"నేను పెట్టించలేదు. మీ కుర్చీ పెట్టించింది."

ఆయన నన్ను కోపంగా చూశాడు. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆయనకూ కూతుళ్ళున్నారు.

"గుమస్తా సెలవులో ఉండాడు. సోమవారం వస్తాడు. టీసీ అప్పుడే. పేర్ల జాబితా కూడా సోమవారమే, పదకొండు గంటలకు పోతాది. టీసీ ముందు రాస్తే జాబితాలో పాప పేరు ఉండదు."

"సరే సార్."

"సరే అంటావేంది? నేను ఆపలేను మునిరామయ్యా. ఆపేదానికి నాకు దారి లేదు. పెండ్లి అని రాసి ఉంటే ఇంకొకరికన్నా సెప్పేవాణ్ణి. నివాసం అని రాసినావు. తెలివిగా రాయించినావు." గొంతు తగ్గించాడు. "నువ్వు ఆపొచ్చు. ఒక్క మాట. వద్దు సార్ అను. ఈడ్నే చించేస్తా."

వరండా రేకు మీద తుంపర చప్పుడు చేస్తోంది. నేను రేకును చూశాను.

"మాట ఇచ్చినాను సార్."

"ఎవురికి?"

"మా అక్కకు. మా యింట్లో పొయ్యి వెలిగించింది ఆమె. రెండేండ్లు."

"ఆ పాపకు ఏ మాటా ఇయ్యలేదా నువ్వు?"

ఇలాంటి ప్రశ్నలు అడగడం వాళ్ళకు సులభం. ఆరోజు దినాలకు ఆయన కూడా వచ్చాడు. పులుసన్నం తిని వెళ్ళాడు. పిల్లను ఎవరు చూస్తారని చుట్టాలు తర్జనభర్జన పడుతుంటే గొడుగు తీసుకుని లేచింది ఆయనే. నేను ఆ మాట అనలేదు. అనాల్సింది.

ఆయన కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. స్తంభం వెనక కోమలి నిలబడి ఉండటం అప్పుడు చూశాను. అంతా విన్నది.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి లోహిత నాకంటే ముందే వచ్చి ఉంది. మళ్ళీ యూనిఫారంలో ఉంది. చీర మడిచి సంచిలో పెట్టింది. మా అక్క గడప దగ్గర కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది.

"ఇచ్చినారా?" అంది అక్క.

"సోమవారం."

"ఏమన్నా అడిగినారా?"

"అడిగినారు."

"నువ్వేం సెప్పినావు?"

"నువ్వు సెప్పమన్నదే."

అక్క లోహితను పిలిచి, రెండు కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, చిక్కుపడ్డ వెంట్రుకలు విడదీసి జడ వేసింది. ఒక్కసారి కూడా గట్టిగా లాగలేదు. మా అక్కను చెడ్డదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ పిల్లకు జ్వరం వస్తే నెత్తిన గుడ్డ తడిపి వేసింది ఆమె. నేను కాదు.

దీపాలు పెట్టే వేళకు లోకేష్ ఫోను చేశాడు. వాడు చిత్తూరులో టైల్సు అంగట్లో పనిచేస్తాడు. ఇరవై ఏడేళ్ళు. నేను పెరట్లోకి వెళ్ళి మాట్లాడాను. నా ఫోను పాతది, అవతలి మాట నలుగురికి వినిపిస్తుంది.

"మామా, అమ్మ పక్కన ఉండాదా?"

"లేదు. సెప్పు."

"టీసీకి పోయినావంట. తెచ్చేసినావా?"

"సోమవారం ఇస్తారు."

"అయితే ఇంకా టైముండాది." ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. "మామా, నాకీ పెండ్లి వద్దు. కోపం చేసుకోవద్దు. ఆ పిల్ల పలకా బలపం పట్టుకోని బడికి పోతాంటే సూసినోణ్ణి నేను. నాకు మనసు ఒప్పలేదు. రెండేండ్లుగా అమ్మకు సెప్తానే ఉండాను. మీ మామ మాట ఇచ్చినాడు, నేను పోయి ఏ మొగం పెట్టుకోని వద్దనేది అంటాది. నువ్వు మాట ఇచ్చినోడివి. నువ్వు వెనక్కి తీసుకుంటే అమ్మ గమ్మునుంటాది. ఆమెకూ బరువు దిగినట్టుంటాది. ఒక్క మాట మామా."

నేను ఫోను పెట్టేశాను.

తిరిగి చూస్తే పెరటి తలుపు దగ్గర లోహిత. చేతిలో బిందె. నీళ్ళకు వచ్చింది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"బావేనా?"

"ఆ."

బిందె కింద పెట్టింది. "ఒక్క మాట అంటే చించేస్తా అన్నాడంట కదా సారు. కోమలి చెప్పింది. బావ కూడా అదే అంటా ఉండాడు." ఇప్పుడు మీరు అనలేదు. "నువ్వు ఏమంటావు నాయనా?"

దాని గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. నేను ఏమంటానో దానికి తెలియదు. తెలుసుకోవాలనే అడిగింది.

చుట్టాల్లో పది నోళ్ళు లేస్తాయి. మునిరామయ్య నిలువునా మాట తప్పినాడంటారు. పెళ్ళాం దినాలనాడు ఒక మాట, ఇప్పుడు ఒక మాట అంటారు. రెండేళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్న మనిషిని ఉత్తచేతులతో బస్సెక్కించాలి. ఆమె వెళ్ళాక ఈ పిల్లకు అన్నం ఎవరు వండుతారు? నేను లాడ్జి మానేస్తే ఏం తింటాం? ఇవన్నీ నోటిదాకా వచ్చాయి.

"ఈ మాట నా ముందర ఎత్తొద్దు," అన్నాను. "ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

"సరే," అంది.

బిందె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. అక్క ముందు కూర్చున్న చప్పుడైంది. తర్వాత దాని గొంతు వినిపించింది, నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా.

"అత్తా, నిన్నొకటి అడగాల. నిజం సెప్తావా?"

నేను చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాను. అక్క ఏం చెబుతుందో వినకుండా ఉండేందుకే వెళ్ళాను. ఆ రోజు ఎందుకు వెళ్ళావని తర్వాత చాలామంది అడిగారు. అక్క అడిగింది, సుందరరాజు సారు అడిగాడు, లోకేష్ అడిగాడు. ఎవరికీ చెప్పలేదు. మీరూ అడగొద్దు. ఆ మాట నేను ఇక ఎత్తను.